చింతచిగురు లెక్క

క్రీస్తురాజపురం కొండమీద
నూటపన్నెండు మెట్లెక్కితే జకరయ్య గారి గది.
ఎక్కేలోపే మూడుసార్లు ఆవిర్లు.
మెడ కింద ఎవరో పొయ్యి ముట్టించినట్టు
జాకెట్టు తడిసి, అంతలోనే మళ్ళీ చలి.
ఈ వయసులో మామూలేనంది డాక్టరమ్మ.
మామూలేనంటే చల్లబడుతుందా ఒళ్ళు?

ఆయన కుర్రతనమంతా కలకత్తా టాంగ్రాలో
చీనావాళ్ళ తోళ్ళ కార్ఖానాలో, సున్నంనీళ్ళలో గడిచింది.
యజమాని తల్లి నేర్పిందట
సూది ఎక్కడ గుచ్చాలో, ఏ ఏడాదికి ఏ జంతువో.
గోడమీద ఏసుక్రీస్తు. పక్కనే
ఎలుకా ఎద్దూ పులీ వరసగా తిరిగే పాత కేలండరు.
వాళ్ళకి వాళ్ళకి పేచీ ఉన్నట్టు లేదు.

"ఎప్పుడు పుట్టావు నాంచారమ్మా?"
"ఉప్పెన ఏడాదండి. ఉప్పెనకి పదకొండు రోజుల ముందు."
మా దివిసీమలో అంతకంటే తేదీ అక్కర్లేదు.

వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి అన్నాడు:
"నిప్పు పాము."

నవ్వొచ్చింది.
ఇన్నేళ్ళూ నన్ను నేను నీళ్ళ మనిషిననుకున్నాను.
నా వయసు ఎవరడిగినా అమ్మ
కెరటం ఎత్తు కూడా కలిపే చెప్పేది.

"ఏడాది నిప్పు, నెల నీళ్ళు.
పాముకి ఎదురుగా పంది కూచుంది.
ఒకటి మండుతుంటే ఒకటి ఆర్పుతోంది లోపల.
ఆవిరి రాక ఏమొస్తుంది?"

కట్టె, నిప్పు, మన్ను, లోహం, నీరు.
వాళ్ళకి ఐదే, కాలాలూ ఐదేనట.
మరి గాలండీ? ఆకాశం?
"ఆ లెక్కలో లేవు."
నిజమే, రోహిణి కార్తెలో బెజవాడ లెక్కలోనూ లేవు.
రోళ్ళు పగిలే ఎండలో
బ్యారేజీ మీద నిలబడ్డా చెమట ఆరదు.
ఆకాశం ఉండాల్సిన చోట తెల్లటి రేకు.

రుచులు కూడా పంచేశారట.
ఉప్పు నీళ్ళది. చేదు నిప్పుది. తీపి మన్నుది.
కారం నిప్పుది కదా అన్నాను, పక్కన గుంటూరుని పెట్టుకుని.
కాదట. కారం లోహానిది.
ఇరవై రెండేళ్ళు ఆటోనగర్లో
వెల్డింగు రాడ్లూ నట్లూ బోల్టులూ అమ్మే కొట్లో పద్దులు రాశాను,
మధ్యాహ్నం పెరుగన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ.
లోహం మీద లోహం.

"నీకు లేనిది కట్టె," అన్నాడు.
"నీటికీ నిప్పుకీ నడిమి మనిషి అది.
దీని దగ్గర తాగుతుంది, దానికి తిండవుతుంది.
అదుంటే ఇద్దరూ కొట్టుకోరు.
దాని కాలం ఇదే. పుల్లనిది తిను, లేతది తిను.
ఎండలు ముదిరాక తింటే ఏం లాభం!"

మణికట్టులో సూది దిగింది, చీమ కుట్టినంత.
కళ్ళు మూసుకుంటే
అమ్మ చేతులు కనపడ్డాయి.
మోచేతుల లోపలివైపు
మానినా మాయని ముళ్ళ గీతలు.
ఆ రాత్రి తుమ్మచెట్టుని కావలించుకుని
మానుకీ తనకీ మధ్య నన్ను
చీరతో బిగించి కట్టుకుంది.
తెల్లారి చూస్తే ఊళ్ళో నిలబడి ఉన్నవి మూడు తుమ్మలు.
అక్కడితో ఆపేసేది, చెప్పినప్పుడల్లా.

ఈ సంగతి జకరయ్య గారితో అనలేదు.
ఆయనే కాసేపాగి, కేలండరు వైపు చూసి,
"పంది నెలలో, నీటి అడుగున
కాస్త కట్టె దాక్కుని ఉంటుందిలే" అన్నాడు.
నా సంతోషం కోసమో, నిజంగా లెక్కలో ఉందో.

పటమట రైతుబజారులో
చింతచిగురు వంద గ్రాములు అరవై.
"మరీ అంతా?"
"మొన్నటిదాకా ఎనభై అమ్మానమ్మా."
బేరమాడుతుండగానే మెడ కింద మళ్ళీ రాజుకుంది.
గంపలోంచి ఒక రెమ్మ తీసి నోట్లో వేసుకున్నాను.
పులుపుకి దవడలు జివ్వుమన్నాయి.

చల్లబడిందని చెప్పను.
కానీ ఆ రెమ్మని పంటికింద
చాలాసేపు
వదలకుండా పట్టుకున్నాను.